జయరామయ్య ఫియటూ, ఆనందరాజ్ తాడూ

జయరామయ్యగారి ఫియట్ కారులో హారన్ కొడితే వైపర్ కదిలేది. వైపర్ మీట నొక్కితే ఏమీ అయ్యేది కాదు. ఎడమపక్క వెనక తలుపు బయటినుంచి తీస్తేనే వచ్చేది, కాబట్టి ఆ పక్క కూర్చున్నవాళ్ళు ఎవరో ఒకరు వచ్చి తీసేదాకా ఊరేగింపు పల్లకిలో దేవుడిలా కూర్చోవలసిందే. పెట్రోలు ముల్లు పన్నెండేళ్ళుగా సగం దగ్గరే నిలబడి ఉంది. అందుకని నేను ఒక వెదురు బద్ద కోసి, దానిమీద చాకుతో గాట్లు పెట్టి డిక్కీలో ఉంచుకున్నాను. పొద్దున బండి తీసేముందు టాంకీ మూత తిప్పి బద్ద దించి చూస్తాను. ఎన్ని గాట్లు తడిస్తే అంత పెట్రోలు.

ఇవేవీ జబ్బులని మేము అనుకోలేదు. వయసైన మనిషికి చెవుడు వస్తుంది, మోకాలు పట్టుకుంటుంది, దానికని ఎవరూ పెద్దాస్పత్రికి తీసుకుపోరు. రేడియేటర్ కారితే నీళ్ళలో పిడికెడు పసుపు కలిపి పోసేవాణ్ణి, ఆగేది. టాంకీ అడుగున చెమరిస్తే బట్టల సబ్బు రుద్దేవాణ్ణి, ఆగేది. తిరువళ్ళూరు బజారు వీధిలో ఇత్తడి పాత్రల అంగడి నడిపే జయరామయ్యగారు ఆ కారు కొని ముప్పై నాలుగేళ్ళు. నేను నడపడం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్ళు. అంతకుముందు మా ఊళ్ళో వేరుశనగ చేనూ ఒక ఆయిలింజనూ చూసుకునేవాణ్ణి.

అసలు జబ్బు తై నెలలో, సంక్రాంతి దాటాక, మొదలైంది. బండి బాగా పోతూ పోతూ, పదిహేనో ఇరవయ్యో కిలోమీటర్లు పోయాక, రెండుసార్లు దగ్గి, ఎవరో వెనకనుంచి చొక్కా పట్టి లాగినట్టు ఊగి, ఆగిపోయేది. ఎంతసేపు సెల్ఫ్ కొట్టినా పలికేది కాదు. అరగంట అయ్యాక ఏమీ జరగనట్టు స్టార్ట్ అయ్యేది.

మణవాళనగర్‌లో షెడ్డు పెట్టుకున్న ఏసు ఈ కారుకు పాత వైద్యుడు. మొదటిసారి ఆగినప్పుడు ఫోన్ చేస్తే స్కూటర్ మీద వచ్చి, బానెట్ ఎత్తి, పెట్రోలు పంపు మీద చెయ్యి పెట్టి తీసేశాడు.

"పంపు కాగిపోతా ఉండాది అయ్యా. లోపల పెట్రోలు ఆవిరైపోతా ఉండాది. ఎండాకాలం ఈ వయసు బండ్లకు ఇది ఉండేదే."

"ఎండాకాలం యాడుంది ఏసూ? ఇది తై నెల. పొద్దున దుప్పటి కప్పుకొని లేచినాను," అన్నారు జయరామయ్యగారు.

"బండికి నెలలు తెలుస్తాయా అయ్యా."

ఏసు ఆయన భుజం మీది తువాలు తీసుకుని, తడిపి, పంపు చుట్టూ చుట్టాడు. బండి వెంటనే స్టార్ట్ అయింది. ఏసు చేతులు తుడుచుకుని "అవ్వళవుదాన్" అన్నాడు. అంతే, అయిపోయింది అని. మణవాళనగర్ నుంచి అతను వచ్చేసరికే అరగంట దాటిందన్న సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

రెండోసారి ఆగినప్పుడు కాయిల్ మార్చాడు. మూడోసారి కార్బరేటర్ మొత్తం విప్పి, దినపత్రిక పరిచి, భాగాలన్నీ దానిమీద పెళ్ళి పందిట్లో తాంబూలాల్లా పేర్చి, ఊది, మళ్ళీ బిగించాడు. ప్రతిసారీ స్టార్ట్ అయింది. ప్రతిసారీ అవ్వళవుదాన్. ప్రతిసారీ ఇంకో పదిహేను రోజులకు ఇంకో చోట ఆగింది.

ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, పెరియపాళయం అమ్మవారి జాతరకు పోయేటప్పుడు గుడి ఇంకా కిలోమీటరు ఉందనగా, వేపాకు చీరలు కట్టుకున్న ఆడవాళ్ళ గుంపు నడిమధ్య నిలిచిపోయింది. వెనక బస్సులు అరుస్తున్నాయి. పొన్నమ్మ అనే ఒక పెద్దావిడ, ఎవరో ఏమో, మాకు తెలియదు, పేరు కూడా ఆమే చెప్పింది, చేతిలో వేపమండతో వచ్చి బండి చుట్టూ తిరిగి చూసింది.

"దీనికి గాలి సోకింది," అంది.

"పెట్రోలు పంపు అమ్మా," అన్నారు జయరామయ్యగారు.

"పంపుకే సోకింది."

ఆమె వేపమండతో బానెట్ మీద మూడు దెబ్బలు వేసి, చెంబుతో పసుపునీళ్ళు పోసి, నావైపు చూసి "తియ్యి బండి" అంది. తాళం తిప్పాను. పలికింది. ఆడవాళ్ళంతా నాలుకలు ఆడిస్తూ కులవ పెట్టారు. మేము ఆగి అప్పటికి నలభై నిమిషాలు. ఆ రోజునుంచి ఈ బండిని బాగుచేశామని చెప్పుకునేవాళ్ళు ఇద్దరయ్యారు, ఏసు ఒకడు, పొన్నమ్మ ఒకతె.

నాకు ఒకటి మాత్రం తోచింది. టాంకీలో ఆరు గాట్లు తడిసిన రోజు పదిహేను కిలోమీటర్లకే ఆగేది. రెండు గాట్లు తడిసిన రోజు శోళవరం పోయి వచ్చినా ఆగేది కాదు. ఇది జయరామయ్యగారికి చెప్పాను.

"టాంకీ నిండితే తొందరగా ఆగతా ఉండాది అయ్యా."

"తిన్నాక నేను మాత్రం నడుస్తానా వరదా," అన్నారు ఆయన.

ఏసుకు కూడా చెప్పాను. అతను నవ్వి నవ్వి స్పానర్ కింద పడేసుకున్నాడు. "పెట్రోలు ఎక్కువైతే ఆగే బండి లోకంలో యాడన్నా ఉండాదా అన్నా? నువ్వు మాట్లాడేదే నెలకు ఒక మాట, అదీ ఇట్లాంటిదా?"

తర్వాత నేను ఎవరికీ చెప్పలేదు.

ఈ కారుకు అందరికంటే నమ్మకంగా సేవ చేసింది జయరామయ్యగారి భార్య వల్లియమ్మగారు. ప్రతి శుక్రవారం తలంటుకుని, ఇంట్లో దేవుడికి పూజ అయ్యాక, పళ్ళెం పట్టుకుని వీధిలోకి వచ్చి కారుకు బొట్టు పెట్టేది. మొదట్లో బానెట్ మీదా నాలుగు తలుపుల మీదా పెట్టేది. కోడలు రంజిత పట్టుచీరలకు కుంకుమ అంటుతోందని గొణిగితే, మార్గళి నెలనుంచి, అంటే ధనుర్మాసం నుంచి, తలుపులు మానేసి టాంకీ మూతకు మార్చింది.

"అది అన్నం తినే నోరు కదా. ఆడ పెడితే అంతా పెట్టినట్టే," అంది.

అయితే కారు కదిలితే కుంకుమ రాలిపోతోంది. వల్లియమ్మగారికి పని సగంలో వదలడం నచ్చదు. చందనం అరగదీసి, పసుపు కలిపి, నాలుగు చుక్కలు తుమ్మబంక వేసి, నూరి, రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టి, దానిమీద కుంకుమ అద్దేది. తుఫాను వచ్చినా అది రాలదు. పాత బొట్టు చెరపడం అశుభం కాబట్టి, వచ్చే శుక్రవారం దానిమీదే ఇంకొకటి. బండి ఆగడం మొదలయ్యాక ఆమె భక్తి ఇంకా ఎక్కువైంది, బొట్టు ఇంకా మందమైంది.

ఆ మూతను అందరం అంచులు పట్టుకునే తిప్పేవాళ్ళం. పెట్రోలు బంకులో పిల్లలు కూడా బొట్టు చూసి వేళ్ళు జాగ్రత్తగా పెట్టేవాళ్ళు. ఏసు అయితే ఆ పక్కకే పోడు. "అమ్మ పూజ చేసిన చోటు. నేను సిలువ వేసుకునేవాణ్ణి, నా గ్రీజు చెయ్యి ఆడ పెట్టకూడదన్నా," అనేవాడు. మంచి మర్యాద. ఆ మర్యాద మా అందరికీ ఉంది.

ఆవణి నెలలో, శ్రావణం పెళ్ళిళ్ళ రోజుల్లో, జయరామయ్యగారి కొడుకు హేమనాథ్ పట్టుపంచె కట్టుకుని పెళ్ళికి పోతూ మణవాళనగర్ రైల్వే బ్రిడ్జి మీద ఆ కారును తోయవలసి వచ్చింది. మరునాడు భోజనాల దగ్గర విషయం తేల్చేశాడు.

"నాయనా, నేను కొత్త కారు బుక్ చేసినాను. ఇంటిముందర ఉండేది ఒక కారుకే తావు. ఇది పాత ఇనుముకు పోవాల్సిందే. పాత ఇనుము కొనే ఆనందరాజ్‌తో మాట్లాడేసినాను."

జయరామయ్యగారు అన్నం ముద్ద పళ్ళెంలోనే పెట్టేశారు. తర్వాత అన్నారు, "నీకూ మీ అక్కకూ తిరుత్తణిలో గుండు చేయించింది ఈ కారులో కొండెక్కి పోయే. నా మనవడికి కూడా అట్లే చేయిస్తానని మొక్కుకున్నాను. ఆ ఒక్కసారి ఎక్కనీ."

"ఎక్కలేకపోతే?"

"ఎక్కుతుంది."

"ఎక్కలేకపోతే, నాయనా?"

ఆయన పళ్ళెంలోని ముద్దను మళ్ళీ కలపసాగారు. అప్పుడు హేమనాథ్ ఒక మాట పెట్టాడు. వచ్చే శుక్రవారం పిల్లవాడి పుట్టువెంట్రుకలు. పదిన్నరకు రాహుకాలం వస్తుంది, ఆలోపల కొండమీద మొదటి కత్తి పడాలి. దారిలో కారు ఎన్నిసార్లు ఆగినా, తనంతట తాను లేచి కొండెక్కితే ఇంట్లోనే ఉంటుంది, కొత్త కారుకు పక్క వీధిలో తావు చూసుకుంటాడు. లేవక, తాడు కట్టి లాగవలసి వస్తే, ఆ తాడు ఆనందరాజ్‌ది, ఆ లాగడం నేరుగా అతని కొట్టానికే.

"సరి," అన్నారు జయరామయ్యగారు. ఆ వారం అంతా ఆయన అంగడిలో గల్లాపెట్టె దగ్గర కాకుండా కారులో కూర్చుని పేపరు చదివారు.

గురువారం సాయంత్రం హేమనాథ్ తానే నాతో బంకుకు వచ్చి టాంకీ నింపించాడు. రేపు పెట్రోలు లేక ఆగిందన్న మాట రాకూడదని. అతనిది న్యాయబుద్ధి.

"నింపొద్దు చిన్నయ్యా," అన్నాను.

"ఎందుకు?"

"నిండితే ఆగుతుంది."

హేమనాథ్ బంకు పిల్లవాడి వైపు చూశాడు, బంకు పిల్లవాడు నావైపు చూశాడు. ఆరు గాట్లూ తడిసి, బద్ద చివర పట్టుకున్న నా వేళ్ళు కూడా తడిసేదాకా నింపారు.

శుక్రవారం పొద్దున వల్లియమ్మగారు మామూలుకంటే రెండింతలు మందంగా బొట్టు పెట్టింది. ప్రయాణం పెద్దది కదా. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాను. బయలుదేరేసరికి ఏడున్నర. ముందు నా పక్కన జయరామయ్యగారు, వెనక హేమనాథ్, మధ్యలో ఒడిలో పిల్లవాడితో రంజిత, బయటినుంచి తీస్తేనే వచ్చే తలుపు దగ్గర వల్లియమ్మగారు. వీధి మలుపులో ఆనందరాజ్ తన కుట్టి యానై తీసుకుని సిద్ధంగా ఉన్నాడు. ఆ చిన్న లారీని మా వైపు అందరూ అలాగే అంటారు, పిల్ల ఏనుగు అని. విబూది పెట్టుకుని, తెల్లచొక్కా వేసుకుని ఉన్నాడు. లారీలో కొత్త నారతాడు చుట్టలు చుట్టి ఉంది.

"నమస్కారం అయ్యా. ఎట్లుండాది బండి?" అన్నాడు. ఈ వారమంతా రోజూ అడుగుతున్నాడు, ఆస్పత్రిలో ఉన్న మామను అడిగినట్టు.

"బాగానే ఉండాది," అన్నారు జయరామయ్యగారు.

"దేవుడు చల్లగా చూడాల. నేను వెనకాలే వస్తా. మీ పుణ్యాన నాకూ దర్శనం అయితాది."

పట్టరైపెరుంబుదూరు దాటగానే బండి రెండుసార్లు దగ్గింది. జయరామయ్యగారు డాష్‌బోర్డు మీద చెయ్యి వేసి, గుర్రం మెడ నిమిరినట్టు నిమిరారు. మూడోసారి దగ్గి ఆగిపోయింది. ఎనిమిది గంటలైంది. రోడ్డు పక్కకు దొర్లించాను. అద్దంలో చూస్తే కుట్టి యానై కూడా వచ్చి, మా వెనక మర్యాదగా పది అడుగులు వదిలి ఆగింది.

ఏసుకు ఫోన్ చేస్తే, తువాలు తడిపి చుట్టమన్నాడు. చుట్టాను. కాయిల్ వైరు పీకి పెట్టమన్నాడు. పెట్టాను. ఇంకేం తోచక ఫోన్‌లోనే ప్రార్థన చేశాడు. జయరామయ్యగారు స్పీకర్ పెట్టి ఫోన్‌ను బానెట్ కింద పట్టుకున్నారు, బండికి వినపడేట్టు. ముప్పై అయిదు నిమిషాలకు లేచింది.

"తాడు తగల్లేదు," అన్నారు జయరామయ్యగారు కొడుకు వైపు తిరగకుండానే.

"తగల్లేదు నాయనా. నేనేమీ అనలేదే."

కనకమ్మసత్రం దాటి రెండు ఫర్లాంగులు పోయామో లేదో, మళ్ళీ దగ్గు, మళ్ళీ ఊపు. ఈసారి సెల్ఫ్ కొడుతుంటే బ్యాటరీ కూడా నీరసంగా మూలిగింది. తొమ్మిదీ అయిదు. పిల్లవాడు ఏడుపు ఎత్తుకున్నాడు. వల్లియమ్మగారు దిగాలనుకుంది గానీ తలుపు తీసేవాళ్ళు లేరు. నేను పోయి తీశాను.

హేమనాథ్ గడియారం చూసుకున్నాడు. "ఇంకో అరగంట ఈడనే ఆగితే కొండ చేరేలోపల రాహుకాలం వచ్చేస్తాది. పది నిమిషాలు చూస్తాను నాయనా. అప్పుడు రంజితనూ పిల్లోడినీ బస్సు ఎక్కిస్తా. ఆనందరాజ్ తాడు కట్టుకుంటాడు."

జయరామయ్యగారు కారు దిగారు. చెప్పులు విడిచి రోడ్డు పక్క మైలురాయి మీద కూర్చున్నారు. ఆయన పాదాలు నేలకు సరిగ్గా అందలేదు.

ఆనందరాజ్ తాడు విప్పుకుంటూ వచ్చాడు. నెమ్మదిగా, ఎవరి మనసూ నొప్పించకుండా, తాడు కొనను మా ముందు బంపరు పక్కన నేలమీద పెట్టాడు. ఆ కొన బంపరుకు నాలుగు వేళ్ళ దూరంలో ఉంది. నేను కాలితో ఇంకొంచెం దూరం జరిపాను.

"కట్టలేదు వరదన్నా, పెట్టినాను, అంతే," అన్నాడు ఆనందరాజ్.

"వరదా, పెట్రోలు ఒకసారి చూడరా," అన్నారు జయరామయ్యగారు మైలురాయి మీదినుంచి. చూడవలసిన పని లేదు, ఇంకా అయిదు గాట్ల పైనే ఉంటుంది. ఆయనకు ఎవరో ఒకరు ఏదో ఒకటి చేస్తూ ఉండడం కావాలి.

బద్ద తీసుకుని వెనక్కి పోయాను. బొట్టు చెదరకుండా మూత అంచులు పట్టి తిప్పాను. రాలేదు. ఎప్పుడూ ఇంత బిగుసుకుని ఉండదు. గట్టిగా తిప్పితే వదిలింది, వదలగానే ఉస్సుమని పెద్ద శబ్దం వచ్చింది. లోపలినుంచి గాలి బయటికి రావడం కాదు. బయటి గాలి లోపలికి పోవడం. నా చేతిమీది వెంట్రుకలు టాంకీ వైపు వాలాయి. చాలాసేపు నీళ్ళలో మునిగి పైకి లేచినవాడు ఊపిరి తీసుకున్నట్టు, తీసుకుంటూనే ఉంది.

అన్నేళ్ళుగా మూత తీస్తున్నాను గానీ, ఎప్పుడూ పొద్దున్నే బండి కదలకముందు, కాకపోతే ఇంటి దగ్గరి బంకులో. దారిలో ఆగినప్పుడు ఒక్కసారీ తీయలేదు.

మూతను వెలుతురుకు పట్టి చూశాను. లోపలి పక్క, సరిగ్గా మధ్యలో, ఆవగింజ పట్టేంత రంధ్రం. తిప్పి బయటి పక్క చూశాను. ఆ రంధ్రం ఉండవలసిన చోట ఎనిమిది నెలల శుక్రవారాలు ఒకదానిమీద ఒకటి ఎక్కి, రాయిలా గట్టిపడి ఉన్నాయి.

మా ఊళ్ళో వేరుశనగ నూనె డబ్బాకు మేకుతో ఒక రంధ్రం కొడితే గుటక గుటకగా కాసేపు కారి ఆగిపోతుంది. ఎదురుగా రెండో రంధ్రం కొడితే దారం తీసినట్టు పడుతుంది. బయటికి ఎంత నూనె పోతే అంత గాలి లోపలికి రావాలి. డబ్బా నిండుగా ఉంటే లోపల గాలి తక్కువ, ఇంకా తొందరగా ఆగుతుంది. చిన్నప్పుడు మా అవ్వ నూనె కొట్టుకు పోయి వచ్చిన ప్రతివాడికీ ఇది తెలుసు. తై నెలనుంచి ఈ రోడ్ల మీద నిలబడి ఉన్న నాకు తెలియలేదు.

తలెత్తితే వల్లియమ్మగారు నా పక్కనే ఉంది. చేతిలో పిల్లవాడు.

"ఏమిరా?"

"ఏం లేదమ్మా. పెట్రోలు ఉండాది."

ఇంకేం చెప్పను? శుక్రవారం పూట, పుట్టువెంట్రుకలకు పోతూ, ఆమె చేత్తో పెట్టిన బొట్టును ఆమె ఎదురుగా గోటితో గీకనా? మూత పెట్టి, బిగించకుండా ఒక మరతోనే వదిలి, వచ్చి తాళం తిప్పాను. మొదటి తిప్పుకే పలికింది.

జయరామయ్యగారు మైలురాయి మీదినుంచి చెప్పులు వేసుకోకుండానే పరిగెత్తుకొచ్చారు. మళ్ళీ పోయి చెప్పులు తెచ్చుకున్నారు.

"ఏం చేసినావురా?"

"పెట్రోలు చూసినాను."

"చూస్తేనే?"

ఆనందరాజ్ తాడు చుట్టలు చుట్టుకుంటూ, "పరవాలేదు, ఇంకా కొండ ఉండాది," అన్నాడు. చెడ్డగా అనలేదు.

తిరుత్తణి దాకా ఒక్క దగ్గు లేదు. జయరామయ్యగారు దారి పొడుగునా కూనిరాగం తీశారు. రంజిత మాత్రం ముక్కు దగ్గర చీర చెంగు పెట్టుకుంది.

"మామా, పెట్రోలు వాసన వస్తా ఉండాది."

"పెట్రోలు బండిలో పెట్రోలు వాసన రాక సాంబారు వాసన వస్తాదా అమ్మా."

చదును రోడ్డు మీద మూత వదులుగా ఉన్నా పరవాలేదు. నిండు టాంకీతో కొండ మలుపులు తిరిగితే పెట్రోలు ఒలుకుతుంది, వెనకాల ఆనందరాజ్ బీడీ కాలుస్తూ వస్తున్నాడు. మూత బిగిస్తే సగం కొండలో ఊపిరి ఆగుతుంది. అక్కడ ఆగితే వెనక బస్సులు ఊరుకోవు, తాడు కట్టవలసిందే. రెండూ కాకుండా ఉండాలంటే ఆ రంధ్రం తెరుచుకోవాలి. తెరుచుకోవాలంటే నేను నోరు తెరవాలి.

కొండ మొదట్లో బండిని పక్కకు తీసి ఆపాను. తొమ్మిదీ నలభై అయిదు. నేను తలుపు తీసేలోపలే ఆనందరాజ్ తాడుతో దిగాడు.

"నిన్నుపోచ్చా?" అన్నాడు. ఆగిపోయిందా అని.

"నేను ఆపినాను," అన్నాను. పోయి వెనక తలుపు తీసి, "అమ్మా, పిన్నీసు ఒకటి ఇయ్యండి," అన్నాను.

వల్లియమ్మగారి గాజులకు ఎప్పుడూ నాలుగు పిన్నీసులు వేలాడుతుంటాయి. ఒకటి తీసి, ఇవ్వకుండా పట్టుకుంది.

"ఎందుకు?"

"బండికి ఊపిరి ఆడల్యా."

"దానికి నా పిన్నీసు ఎందుకు?"

మూత విప్పి తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. లోపలి పక్క రంధ్రం చూపించాను. తర్వాత తిప్పి బయటి పక్క చూపించాను. అందరూ చుట్టూ చేరారు. ఎవరికి ముందు అర్థమయిందో చెప్పలేను గానీ, జయరామయ్యగారు కొండవైపు తిరిగి చాలా శ్రద్ధగా గోపురం చూడసాగారు. హేమనాథ్ నోరు తెరిచాడు. రంజిత అతని మోచెయ్యి గిల్లింది, మూసుకున్నాడు. ఆనందరాజ్ తాడు వెనక్కి దాచుకున్నాడు.

వల్లియమ్మగారు మూతను ఒకసారి ఇటు తిప్పింది, ఒకసారి అటు తిప్పింది.

"ఎనిమిది నెలలుగా," అంది.

వేలితో బొట్టు మందం తడిమి చూసింది.

"ఎనిమిది నెలలుగా ఆ ఏసు బండినంతా పేపరు మీద పరిచినాడు. కంటికి కనపడేట్టు ఇంత బొట్టు ఉండాది. దాని కింద ముక్కు ఉండాదని ఒక్కడన్నా చెప్పినాడా? ఏమయ్యా, మీరు చెప్పినారా?"

"నేనా?" అన్నారు జయరామయ్యగారు గోపురంతో.

"ముక్కు మూసి ఎవరన్నా బొట్టు పెడతారా? తెలిసి పెడతానా నేను? ఇంతమంది మొగోళ్ళు ఉండి ఏం ప్రయోజనం?" ఆమె పిన్నీసుతో తానే పొడవడం మొదలుపెట్టింది. తుమ్మబంక ఒక పట్టాన వదలలేదు. పిన్నీసు వంగింది. రెండో పిన్నీసు తీసింది. పలుకులు పలుకులుగా ఊడి, చివరికి పిన్నీసు మొన అవతల కనపడింది. చీర చెంగుతో చుట్టూ తుడిచి, మూతను పెదవుల దగ్గర పెట్టుకుని ఊదింది. అవతల అరచెయ్యి పెట్టి చూసుకుంది.

"వస్తా ఉండాది," అంది. మూత నాకిస్తూ గొంతు తగ్గించి, "ఆడనే ఎందుకు చెప్పల్యా నువ్వు?" అంది.

నేను మూత బిగించాను.

కొండమీదికి రెండో గేరులో, ఒకే ఊపిరిలో ఎక్కింది. చివరి మలుపులో హేమనాథ్ కూడా ముందుకు వంగి కూర్చున్నాడు, బరువు తగ్గిస్తున్నవాడిలా. జయరామయ్యగారు హారన్ కొట్టమన్నారు. కొట్టాను, వైపర్ కదిలింది. పదీ పదికి పిల్లవాడి తలమీద కత్తి పడింది. వాడి ఏడుపు కొండంతా వినపడింది, జయరామయ్యగారికి అది నాదస్వరంలా ఉంది.

కిందికి దిగేముందు బండికి పూజ చేయించారు. పూజారి కర్పూరం చూపించి, బానెట్ మీద చందనం పెట్టి, వెనక్కి వచ్చాడు. బోల్డంత చందనం మిగిలి ఉంది గిన్నెలో. టాంకీ మూత చూసి అక్కడ పాత బొట్టు జాడ కనిపెట్టి, వేలు ముంచాడు. నేను పోయి మూతకు వీపు ఆనించి నిలబడ్డాను.

"కొంచెం తొలగప్పా," అన్నాడు.

నేను తొలగలేదు. అతనికి వెనక ఇంకా ఆరు బండ్లు ఉన్నాయి. ముంచిన వేలు వెనక్కి తీసుకోలేక ఆ చందనమంతా నా నొసట పెట్టేసి పోయాడు. వల్లియమ్మగారు చూసి మొహం పక్కకు తిప్పుకుంది. నవ్వుకు ఆమె భుజాలు కదిలాయి.

ఆనందరాజ్ దర్శనం చేసుకుని, ప్రసాదం తెచ్చి జయరామయ్యగారికి సగం పెట్టాడు. "నాకేం తొందర లేదయ్యా. బండి బాగుండనీ. యాడికి పోతాది," అన్నాడు. తాడును లారీలో పెట్టి దానిమీద కూర్చుని పులిహోర తిన్నాడు.

ఆదివారం గుడికి, అంటే వాళ్ళ చర్చికి పోయి వస్తూ ఏసు ఇంటికి వచ్చాడు. కారు చుట్టూ ఒక చుట్టు తిరిగాడు.

"కొండ ఎక్కినాదంట కదన్నా. ఏందంట జబ్బు?"

వల్లియమ్మగారు లోపల పొయ్యి దగ్గర ఉంది. గరిటె చప్పుడు ఆగింది.

"దుమ్ము," అన్నాను.

"యాడ?"

"రంధ్రంలో."

"జెట్ రంధ్రంలోనా? కార్బరేటర్‌లో?" ఏసు తొడ చరుచుకున్నాడు. "నేను మొదటినుంచీ అదే కదన్నా చెప్తా ఉండేది. నేను ఊదినప్పుడే కదిలింది, మీరు కొండెక్కినప్పుడు ఊడిపోయింది. ఫోన్‌లో ప్రార్థన కూడా చేసినాను."

"చేసినావు," అన్నాను.

అతను సాయంత్రానికల్లా మణవాళనగర్ అంతా చెప్పుకున్నాడు. నేనలా అనగానే లోపల గరిటె చప్పుడు మళ్ళీ మొదలైంది. కాసేపటికి వల్లియమ్మగారు కాఫీలు తెచ్చింది. ఏసు పళ్ళెంలో రెండు వడలు ఉన్నాయి. నా పళ్ళెంలో అయిదు.